టైము పెట్టినావా, అమ్మీ

పెదనాయన పెద్దకర్మ అయిపోయి చుట్టాలంతా వెళ్ళిపోయాక పెద్దమ్మ నన్ను ముందుగదిలోకి పిలిచి, మూలబల్ల మీద దుప్పటి కప్పి ఉన్న కంప్యూటర్ చూపించింది. "పాత సామాన్లోడు రేపొస్తాడంట అమ్మీ. దీన్ని ఏసేస్తా. దాంట్లో ఏమన్నా ఉంటే చూసి తీసుకో, నీ చేతి కింద నడిచిన డబ్బా గదా" అంది. నేనప్పటికే మార్కాపురం బస్సుకని సంచి సర్దుకుని గడప పక్కన పెట్టుకున్నాను. చూడ్డానికేముంది పెద్దమ్మా, అదెప్పుడో చచ్చిపోయి ఉంటుంది అన్నాను. నిజం చెప్పాలంటే ఆ దుప్పటి ఎత్తాలంటే నాకు భయం. ఇరవై ఏళ్ళకు పైగా ఆ ఇంటికి వస్తూ పోతూ ఉన్నాను. ఆ గదిలోనే కూర్చుని కాఫీ తాగాను, కబుర్లు చెప్పాను. ఎప్పుడు కూర్చున్నా ఆ మూలకు వీపు పెట్టే కూర్చున్నాను. పెద్దమ్మ అది గమనించిందో లేదో అప్పటికి నాకు తెలియదు.

మాది గొర్రెలు కాచే ఇల్లు. కొండ కింద పల్లె. పెదనాయన అంటే మా నాయనకు సొంత అన్న. చిన్నప్పుడు మంద దగ్గర పడుకుని చుక్కలు చూసీ చూసీ వాటి మీద మోజు పెంచుకున్నాడట. ఎవరో ఒక అయ్యవారి దగ్గర పంచాంగం చూడడం నేర్చుకుని, గొర్రెలు తమ్ముడికి వదిలేసి గిద్దలూరు స్టేషన్ దగ్గర ఇల్లు తీసుకుని, ముందుగదిలో జాతకాలు చెప్పడం మొదలుపెట్టాడు. పెళ్ళి పొంతనలూ పేరుబలాలూ ఎవరైనా చూస్తారు. ఆయన పేరు నిలబడింది మాత్రం తప్పిపోయిన జీవాల ప్రశ్న చెప్పడంలో. గొర్రె పోయినా, బర్రె పోయినా, ఎద్దు తాడు తెంపుకుని పోయినా కొండ పక్క పల్లెలవాళ్ళు ముందు ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళు. అడిగినవాడి నోట మాట ఎన్ని గంటలకు వచ్చిందో అదే లెక్క. ఆ ఘడియకు చక్రం వేసి, పోయిన జీవం ఏ దిక్కున ఉందో, ఎన్నాళ్ళలో దొరుకుతుందో చెప్పేవాడు. అందుకే మనిషి గడప ఎక్కి నోరు తెరవగానే ఆయన కళ్ళు చేతి వాచీ మీదికి పోయేవి. ఒడిలో పలక ఉండేది. దాని మీద పేరూ టైమూ రాసుకున్నాకే మిగతా మాట.

కంప్యూటర్ తెప్పించుకున్నది ఆయన కళ్ళకు పొర కమ్మడం మొదలైనప్పుడు. పంచాంగంలో సన్నక్షరాలు కనబడడం లేదని, ఎవరో చెబితే జాతకాల ప్రోగ్రాం వేయించి మరీ కొన్నాడు. ఇంటర్ అయ్యాక మూడు నెలల కంప్యూటర్ కోర్సు చేసి ఉన్నానని నన్ను పల్లె నుంచి పిలిపించాడు. ఎంత సంతోషంగా వచ్చానో ఇప్పుడు చెబితే నాకే సిగ్గేస్తుంది. కాలేజీలో నా పక్కన కూర్చున్న పిల్లలు గొర్రెల వాసన వస్తోందని బెంచీ చివరికి జరిగేవాళ్ళు. ఎంత ఉతికినా ఓణీలోంచి ఆ వాసన పోయేది కాదు. పెద్దమ్మ ఇంట్లో పొద్దున్నే జొన్నరొట్టె కాలుతున్న వాసన, పెదనాయన వెలిగించే సాంబ్రాణి, ప్రింటర్ వేడెక్కితే వచ్చే రిబ్బను సిరా వాసన. ఈ మూడూ కలిసిన గాలి పీల్చుకుంటూ, ఇక నేను మందకు తిరిగిపోయేది లేదు అనుకున్నాను.

పెదనాయన మెత్తని మనిషి కాదు. ఒక మాట రెండోసారి చెప్పడం ఆయనకు గిట్టదు. జొన్నరొట్టె అంచు మాడితే పళ్ళెం పక్కకు తోసేసేవాడు. నా మీద ఆయన పెట్టిన ముఖ్యమైన పని ఒకటే, కంప్యూటర్‌కు టైము పెట్టడం. కొన్న ఏడాదికే దాని లోపలి చిన్న బ్యాటరీ అయిపోయింది. ఆ బిళ్ళ గిద్దలూరులో దొరకదు, నంద్యాల నుంచి తెప్పిస్తానని అమ్మినవాడు నెలల తరబడి తిప్పాడు. బ్యాటరీ లేకపోతే కరెంటు పోయినప్పుడల్లా దాని గడియారం మొదటికి వచ్చేస్తుంది. అది తయారైన ఏటి జనవరి ఒకటో తారీఖు, అర్ధరాత్రి పన్నెండు గంటలు. ఆ రోజుల్లో కరెంటు పోవడానికి వేళాపాళా ఉండేది కాదు. పోయి వచ్చిన ప్రతిసారీ నేను మీట నొక్కి నీలం తెర తెచ్చుకుని, తారీఖూ గంటా నిమిషమూ ఒక్కొక్కటే సరిచేయాలి. ఆ ప్రోగ్రాంలో ప్రశ్న అనే బొత్తాం నొక్కితే అది కంప్యూటర్ గడియారాన్నే చూసి చక్రం వేసేస్తుంది, మనల్నేమీ అడగదు. అందుకే ప్రతి కాగితానికి ముందూ ఆయన అడిగేవాడు, "టైము పెట్టినావా, అమ్మీ?" పెట్టినా పెదనాయనా అనేదాన్ని. అప్పుడు గానీ తల ఊపేవాడు కాదు.

ఒక వేసవిలో నేను టైము పెట్టడం మరిచిపోయి ఎవరిదో ఎద్దు గురించి కాగితం తీశాను. పెదనాయన కాగితం కంటికి ఆనించుకుని పైన ఉన్న గంట చూసి పట్టేశాడు. గది నిండా జనం. వాళ్ళందరి ముందే, "ఇంకోసారి మరిచినావంటే మీ నాయనకు కబురు పెడతా. మందకే పోదువు" అన్నాడు. నాకు చెవులు మండిపోయాయి. ఆ రాత్రి అన్నం తినలేదు. పెద్దమ్మ పెరుగు కలిపి చేతికిస్తే గోడవైపు తిరిగి పడుకున్నాను.

ఆ మర్నాడే కాశమ్మ వచ్చింది. అప్పటికి ఆమెకు ముప్పై ఏళ్ళుంటాయి. మా పల్లెకు రెండు ఊళ్ళ అవతల, అడవి అంచున ఆమె ఊరు. వాళ్ళమ్మ తిరపతమ్మ ముసలామె, కొంచెం మతిమరుపు. ముందురోజు సాయంత్రం నుంచి కనబడడం లేదు. కాశమ్మ నిలబడే మాట్లాడింది. "కొండ దిక్కు పోయిందేమోనని నా అనుమానం పెద్దయ్యా. ఎనకటికి మా మంద ఆడ తోలేటోళ్ళు. దాని మనసంతా ఆడనే ఉంటాది. మా వోళ్ళేమో రైలెక్కి పోయింటాది అంటాండారు. నువ్వు చెప్తే అటే పోతాం" అంది. పెదనాయన వాచీ చూసుకుని పలక మీద రాశాడు. పది గంటల ఇరవై నిమిషాలు. కరెంటు వచ్చి అప్పటికి ఇరవై నిమిషాలే అయింది. బయట అరుగు మీద ఇంకో నలుగురు కూర్చుని ఉన్నారు. నేను కంప్యూటర్ వేసి, తెర మీద వచ్చే హెచ్చరిక దాటించి, నేరుగా ప్రోగ్రాంలోకి పోయాను. పేరు కొట్టి బొత్తాం నొక్కాను.

"టైము పెట్టినావా, అమ్మీ?"

"పెట్టినా పెదనాయనా."

అలవాటుగా వచ్చిన మాట అది, అప్పటికి అబద్ధం కాదు. కాగితం ప్రింటర్‌లోంచి గీ గీ మంటూ వచ్చింది, వాళ్ళకొకటీ మాకొకటీ. ఆయన పైభాగం మడిచేసి, కింది రెండు వరుసలు నాతోనే చదివించాడు. తూర్పు దిక్కు, నీటి దాపున, ప్రాణభయం లేదు, మూడు దినాల్లో ఇల్లు చేరును. కాశమ్మ రెండు చేతులూ జోడించింది. ఆమె గడప దాటి చెప్పులు వేసుకుంటూ ఉండగా తెర మూలన ఉన్న గడియారం నా కంట పడింది. అర్ధరాత్రి పన్నెండూ ఇరవై. ఆమె ఇంకా వాకిట్లోనే ఉంది. ఒక చెప్పు పట్టీ ఊడిందేమో, వంగి సర్దుకుంటోంది. అక్కా ఆగు అంటే చాలు. మందకే పోదువు అన్న మాట ఒక్కటే వినిపిస్తోంది. ఆమె వెళ్ళిపోయింది. నేను గబగబా తెర మీద టైము సరిచేసి, అరుగు మీదివాళ్ళను పిలిచాను.

వాళ్ళు తూర్పునే వెతికారు. కంభం, మార్కాపురం, రైలు పట్టాల వెంట ఊళ్ళన్నీ, చెరువుగట్లన్నీ తిరిగారు. మూడు దినాల్లో ఇల్లు చేరుతుందని కాగితంలో ఉంది కాబట్టి నాలుగో రోజు వాకిట్లోనే కూర్చుని ఎదురుచూశారట. ఆరో రోజు కట్టెలకు పోయినవాళ్ళకు తిరపతమ్మ దొరికింది. పడమర, కొండ మొదట్లో, ఎండిన వాగులో ఒక బండకు ఆనుకుని కూర్చుని ఉంది. ఒకప్పుడు వాళ్ళ మంద దిగిన చోటట అది. ఆమె చుట్టూ ఈతగింజలు పడి ఉన్నాయని చెప్పుకున్నారు. అంటే ఈతపండ్లు ఏరుకుని తింటూ కొన్ని రోజులు బతికే ఉంది. ఈ సంగతి నాకు అరుగు మీద కూర్చున్న ఎవరో చెప్పారు. ఎన్ని గింజలు అని అడిగాను. ఆయన నా ముఖంలోకి వింతగా చూశాడు.

అప్పటి నుంచి నేను ఈతపండు నోట పెట్టలేదు. ఎవరైనా టైమెంత అని అడిగితే రెండుసార్లు చూసుకుని గానీ చెప్పను. కరెంటు పోతే ఇప్పటికీ వేళ్ళు చల్లబడతాయి. పెళ్ళయి మార్కాపురం పోయాను, పిల్లల్ని కన్నాను, ఏవో నాలుగు కథలు రాసి పేరు తెచ్చుకున్నాను. ఎన్నో రాశాను గానీ ఆ వాకిట్లో వంగి చెప్పు సర్దుకున్న మనిషిని రాయలేకపోయాను. ఎవరికీ చెప్పలేదు కూడా. పెదనాయనకు తెలియదనే అనుకున్నాను. ఆయన ఆ తర్వాత తప్పిపోయినవాటి ప్రశ్న చెప్పడం పూర్తిగా మానేశాడు. కళ్ళు కనబడక అనుకున్నాం అందరం.

పెద్దమ్మ పడుకున్నాక ఆ మధ్యాహ్నం దుప్పటి తీశాను. ప్లగ్ పెడితే, ఆశ్చర్యం, మూలుగుతూ లేచింది. తెర మీద అదే హెచ్చరిక, అదే జనవరి ఒకటి, అదే అర్ధరాత్రి. ఆపేసి, బజారులో వాచీలు బాగుచేసే ఆయన దగ్గరికి పోయి రూపాయి బిళ్ళంత బ్యాటరీ తెచ్చుకున్నాను. ఒకప్పుడు నెలల తరబడి దొరకని బిళ్ళ ఇప్పుడు డబ్బాల కొద్దీ ఉంది. పక్కరేకు విప్పితే దుమ్ము, చచ్చిన బల్లిపిల్ల, ఎప్పటివో అగ్గిపుల్లలు. పిన్నీసుతో పాత బిళ్ళ ఎగదీసి కొత్తది నొక్కాను. నీలం తెర తెచ్చుకుని ఈనాటి తారీఖూ టైమూ పెట్టాను. ఆపి మళ్ళీ వేశాను. నిలబడింది. అంత చిన్న పని. ఇప్పుడు ఫోన్లకు ఎవరూ టైము పెట్టరు, వాటంతటవే తెచ్చుకుంటాయి. మా పిల్లలకు గడియారం తప్పు చూపించగలదనే ఆలోచనే రాదు. టైము పెట్టినావా అని అడిగేవాళ్ళూ లేరు, పెట్టినా అని అబద్ధమాడే అవసరమూ లేదు. ఎంత అదృష్టమో వాళ్ళకు తెలియదు.

అక్కడితో ఆపేయవలసింది. ఆపలేదు. జాతకాలు నేనిప్పుడు నమ్మను. ఎనిమిది దిక్కుల్లో ఏదో ఒకటి ఎప్పుడో ఒకసారి కలుస్తుంది, అంతే. అయినా ఇన్నేళ్ళూ ఒక్కటి తెలుసుకోవాలని ఉండేది. ఆ రోజు నేను టైము పెట్టి ఉంటే కాగితంలో ఏం వచ్చేది? మళ్ళీ తూర్పే వస్తే నా పాపం సగం తగ్గుతుందని ఆశ. నా పెళ్ళిరోజు నాకు గుర్తుండదు గానీ ఆ తారీఖు గుర్తుంది. గడియారాన్ని ఆ తారీఖుకు, పది గంటల ఇరవై నిమిషాలకు వెనక్కి తిప్పాను. ప్రోగ్రాం తెరిచి తిరపతమ్మ అని కొట్టి, బొత్తాం నొక్కాను.

చక్రం రాలేదు. ఒక చిన్న పెట్టె వచ్చింది. ఈ పేరుతో, ఈ సమయానికి చక్రం ఇదివరకే ఉన్నది, తెరవమంటారా అని.

నేను వేసింది అర్ధరాత్రి చక్రం. పది గంటల ఇరవై నిమిషాలది నేను వేయలేదు. ఆ గదిలో ఆ టైము తెలిసినవాళ్ళు ఇద్దరే, ఒకటి నేను, రెండు పలక మీద రాసుకున్న ఆయన. తెరిచాను. పడమర దిక్కు, ఎత్తైన చోట, త్వరపడవలెను. ప్రశ్న బొత్తాం నొక్కకుండా, తారీఖూ గంటా చేత్తో కొట్టి వేసిన చక్రం అది. దాన్ని దాచిన తారీఖు కింద ఉంది. కాశమ్మ వచ్చిపోయిన నాలుగో రోజు, ఉదయం ఆరు గంటలు. నాకు దీని మీద చెయ్యి పెట్టడం రాదు అమ్మీ అనేవాడు పెదనాయన. పొర కమ్మిన కళ్ళతో, ఒక్క వేలితో, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ ఎంతసేపు కొట్టాడో. నేను పక్కగదిలో నిద్రపోతూ ఉండి ఉంటాను.

వెనక అడుగుల చప్పుడైంది. పెద్దమ్మ లేచి వచ్చి నా భుజం మీద నుంచి తెరలోకి చూసింది. ఆమెకు చదువు రాదు. "తిరపతమ్మదేనా?" అంది.

"నీకు తెలుసా పెద్దమ్మా?"

"మన కాడ ఉండే రెండో కాగితం వరండాలో ఎండకు పెట్టి చూసినాడు. గంట తప్పు పడిందని అప్పుడు తెలిసింది ఆయనకు. వాళ్ళకు చెప్పేకి మొగం చెల్లక, ఆ పొద్దు నుంచి మూడు దినాలు ఒక్కడే కొండకు పోయొచ్చినాడు. కాళ్ళ నిండా ముండ్లు. నేనే తీసినా. కండ్లు కనపడని మనిషి ఆడ ఏం ఎతికింటాడు? నువ్వు అడిగితే పొలం పనికి పోయొచ్చినాడని చెప్పినా."

ఆ ముళ్ళు నాకు గుర్తున్నాయి. పెద్దమ్మ దీపం దగ్గర కూర్చుని పిన్నీసుతో తీస్తుంటే, ఏ పొలం పెద్దమ్మా, మనకు పొలం ఎక్కడుంది అని నేను నవ్వాను కూడా.

"నన్నొక్క మాట అనలేదే" అన్నాను.

"నేను అడగమన్నా. వద్దన్నాడు. పిల్ల బెదిరిపోతాది, నేను బెదిరించబట్టే గదా అబద్ధం ఆడింది అన్నాడు. అందరి ముందర అట్ల అనకుండా ఉండాల్సింది అన్నాడు. సచ్చేదాకా అదే బాధ ఆ మనిషికి."

మార్కాపురం బస్సు ఎక్కలేదు. మర్నాడు పొద్దున్నే ఆటో మాట్లాడుకుని కాశమ్మ ఊరు పోయాను. ఏం చెప్పాలో ఆలోచించుకోలేదు. ఆలోచిస్తే పోలేనని తెలుసు. వాకిట్లో నులకమంచం మీద కూర్చుని ఆమె మేకపిల్లలకు రెమ్మలు విరిచి వేస్తోంది. జుట్టంతా నెరిసిపోయింది. ఎవరి పిల్లవని అడిగితే, గిద్దలూరు స్టేషన్ కాడ జాతకాలు చెప్పే ఆయన తమ్ముడి కూతుర్ని అని చెప్పాను. ఆమె చెయ్యి ఆగింది.

"పోయినాడంటనే. విన్నా. నేను రాలేదు" అంది.

"అందుకు రాలేదక్కా నేను. ఒక మాట చెప్పి పోదామని వచ్చినా." ఆమె కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను. కరెంటు పోయి రావడం, టైము పెట్టకపోవడం, నువ్వు మా వాకిట్లో చెప్పులు సర్దుకుంటుంటే నాకు తెలిసిపోవడం, పిలవకపోవడం. ఒక్కటి కూడా దాచలేదు. చెబుతున్నంతసేపూ ఆమె నా ముఖం చూడలేదు, చేతిలో రెమ్మ ఆకులు ఒక్కొక్కటే తుంచుతూ ఉంది.

"మరి ఆయన నేనే మరిచినా అన్నాడే" అంది చివరికి.

"ఎవురు? ఎప్పుడు?"

"మీ పెదనాయన. మా యమ్మ దినాల నాడు వచ్చినాడు. పందిట్లో అందరూ ఉండంగ నడిమిట్ల నిలబడి, గడియారం చూసుకోకుండా చెప్పినా, తప్పు నాదే అన్నాడు. నేను చెప్పు తీసినా. మా చిన్నాయన చెయ్యి పట్టుకున్నాడు. ఆ మనిషి కదల్లేదు. దెబ్బలు తినేకే వచ్చినట్ల నిలబడినాడు. దోసెడు మన్నెత్తి మొగాన పోసినా. కండ్లు తుడుసుకుని పోయినాడు." ఆమె వాకిలి మూలకు చెయ్యి చూపించింది. "అది ఒకసారేనా? ఏటేటా మా యమ్మ తద్దినానికి వచ్చెటోడు. ఆ మూల నిలబడెటోడు. ఒక్క ఏడు గూడా లోపలికి రమ్మనలేదు నేను. మంచినీళ్ళు ఇయ్యలేదు. పోయినేడు కర్ర పట్టుకుని వచ్చినాడు, అప్పుడూ ఇయ్యలేదు."

ఏడాదికి ఒకసారి శ్రీశైలం పోతున్నానని చెప్పి బయల్దేరేవాడు పెదనాయన. తోడు వస్తామంటే ఒప్పుకునేవాడు కాదు. నేను ఆ మట్టిలో కూర్చుండిపోయాను. కాశమ్మ మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఆమె కాలు వెనక్కి తీసుకోలేదు, నా తల మీద చెయ్యీ వేయలేదు.

"నన్ను తిట్టక్కా. ఆ మన్ను నాకు పొయ్యి" అన్నాను.

"నిన్ను తిడితే ఏమొస్తాది" అంది ఆమె. రెమ్మ మేకపిల్లల ముందు పడేసి మళ్ళీ అంది. "అమ్మ గుర్తొచ్చినప్పుడల్లా ఆయన్ని తిట్టుకుంటే రోంత నిద్ర పట్టేది. ఇన్నేండ్లు నాకు ఆ కోపమన్నా ఉండె. ఇప్పుడు అది గూడా లేకుండా చేస్తివి."